ఆ రోజు వేయని కుట్టు

2021లో నేను నార్త్ కరోలినాలోని ఒక ట్రామా సెంటర్‌లో, అంటే ప్రమాదాలూ తూటా గాయాలూ చూసే ఆసుపత్రిలో, సర్జరీ శిక్షణ చివరి ఏడాదిలో ఉన్నాను. కోతలు కోయడంలో నాకు మొదటినుంచీ పేరుంది. ఆపరేషన్ బల్ల దగ్గరకన్నా కాఫీ బల్ల దగ్గర ఎక్కువ.

ఒక మధ్యాహ్నం పక్కనున్న క్యారీ అనే ఊరి నుంచి సురేశ్ అనే సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని తీసుకొచ్చారు. బంకులో కారుకు పెట్రోలు నింపుకుంటుంటే, ఎవరి గొడవలోనో పేలిన తూటా అతని పొట్టలో దిగింది. వెంటనే లాపరాటమీ చేశాం, అంటే పొట్టను నిలువునా తెరిచాం. కాలేయం నుంచి రక్తం ఉబుకుతోంది. చిన్నపేగుకు చిల్లులు పడ్డాయి. మా పెద్ద సర్జన్ డాక్టర్ హెలెన్ కాలేయం చుట్టూ గుడ్డలు గట్టిగా కూరి రక్తం ఆపారు. దెబ్బతిన్న పేగు ముక్కను తీసేసి, కొసలను సర్జరీ స్టేప్లర్‌తో మూశారు. వాటిని కలపడం ఇక నా వంతు అనుకుని సూది అడిగాను.

ఆవిడ నా చేతిమీద చెయ్యి వేశారు. "ఒళ్లు చల్లబడిపోతోంది, రక్తం గడ్డకట్టడం లేదు. ఈ కుట్టు అతనికి కావాలా, నీకు కావాలా?"

నాకే కావాలి. నోరు మూసుకున్నాను; పొట్ట మాత్రం మూయలేదు. పైన ప్లాస్టిక్ పొర కప్పి ఐసీయూకి పంపాం. దీన్ని డ్యామేజ్ కంట్రోల్ అంటారు: ముందు ప్రాణం నిలపడం, మిగతా పని తర్వాత.

బయట అతని భార్య లావణ్య ఎదురుచూస్తోంది; ఆమెదీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగమే. నేను తెలుగులో మొదలుపెట్టగానే 'సర్' కాస్తా 'అన్నా' అయ్యాను. పొట్ట తెరిచే ఉంచామనేసరికి ఆమె ముఖం పాలిపోయింది.

"సగంల ఆపిన్రా అన్నా?"

నాకు తెలిసిన డాక్టరు మాటలన్నీ ఒలకబోశాను. ఒక్కటీ ఆమెకు అందలేదు. హెలెన్ వచ్చి పక్కన కూర్చున్నారు. ఇప్పుడతనికి కావలసింది వెచ్చదనమూ రక్తమూ అనీ, కోలుకుంటే రేపు మళ్లీ లోపలికి వెళ్తామనీ, కోలుకోకపోవచ్చు కూడా అనీ దాచకుండా చెప్పారు. లావణ్య నావైపు తిరిగింది.

"సర్వర్ పడిపోతే ముందు ఎట్లనో అట్ల నిలబెడ్తం. అసలు ఫిక్స్ తర్వాత. గట్లనే కదా?"

అంత తేటగా నాకెవరూ పాఠం చెప్పలేదు. అంతేనమ్మా అన్నాను.

"అయితే ఇయ్యాల ఆన్‌కాల్ డ్యూటీ నాది," అని ఐసీయూ తలుపుకెదురుగా కూర్చుంది.

మర్నాటికి సురేశ్ ఒళ్లు వెచ్చబడింది, రక్తం గడ్డకట్టసాగింది. గుడ్డలు తీశాం. పేగు కలిపే సూదిని హెలెన్ నా చేతికే ఇచ్చారు. పొట్ట మూయడానికి ఇంకో ఆపరేషన్ పట్టింది. చివరికతను లావణ్య భుజం పట్టుకుని తన కాళ్లమీదే కారు దాకా నడిచాడు.

మధ్యలో ఆపడం చేతగానితనం అనుకునేవాణ్ని. అదెంత పెద్ద చేతినేర్పో హెలెన్ దగ్గర చూశాను. ఇప్పుడు నా దగ్గర నేర్చుకునేవాళ్లు సూది అడిగితే, ముందు రోగి ఒంటి వేడి ఎంతుందో చెప్పమంటాను.