ఎర్రట్ట పుస్తకం, మామిడి తొక్కు సీసా

“ఆ ఎర్రట్ట పుస్తకం తియ్యి. నేను చెప్తున్న గదా, తియ్యి.”

“అది వాళ్ళ భాష నేర్చుకునే పుస్తకం బాపమ్మా! అక్కడ నీళ్ళు కావాల్నంటే సైగలు చెయ్యాల్నా?”

“చెయ్యి. చేతులున్నయి గదా.”

“ఈ చిట్టీ గూడ తియ్యమంటవ్. అది లేకుంటే నేనెవరో వాళ్ళకెట్ల ఎరుక?”

“మీ బాపు నౌకరి పోయినంక నువ్వెవరైతే ఏంది?”

నా మనుమరాలు పెట్టె మూత దబ్బున వేసింది. పద్దెనిమిదేళ్ళ పిల్ల. ఇంటర్ పరీక్షలు రాసి, ఎండాకాలం మాతో గడపడానికి ఒమాన్‌లోని మత్రాకు వచ్చింది. రష్యాలో డాక్టరు చదువుకు సీటు దొరికిందన్న ఉత్తరం ఆమె వెనకే వచ్చింది. తెల్లవారితే సీబ్ నుంచి బొంబాయి విమానం, అక్కడి నుంచి ఆ దేశం.

సంతోషపడటానికి మాకు తీరిక లేకపోయింది. ఆ ఏళ్ళలో ఒమాన్ దక్షిణాన కొండల్లో యుద్ధం నడుస్తోంది. అవతలి పక్షాన్ని ఎర్రవాళ్ళు అనేవారు. రష్యా పేరు బజారులో పలకడానికి కూడా జనం జంకేవారు. నా కొడుకు ఒక బిల్డింగ్ కంపెనీలో స్టోర్ చూసేవాడు. పిల్ల పెట్టెలో ఆ దేశపు కాగితం దొరికితే వాడిని పనిలోంచి తీసి పంపించేస్తారని, పిల్లను మళ్ళీ ఇక్కడికి రానివ్వరని నా భయం. పక్క గదిలో ఉండే కడప డ్రైవరు దానికి ఆజ్యం పోశాడు. “ఉస్ ముల్క్ కా నామ్ నక్కో లేవ్ అమ్మా. పూఛే తో బంబయి బోలో, బస్.” ఆ దేశం పేరే ఎత్తొద్దు, అడిగితే బొంబాయి అనండి అని.

“అవ్వా, పుస్తకం వద్దంటే వద్దు గని చిట్టీ ఉండనియ్యి,” అన్నాడు కొడుకు. “బొంబాయిల అది చూసే వీసా ఇస్తరు.”

చివరికి ఉత్తరాన్ని దిండు గలీబు లోపల పెట్టి కుట్టాను. పుస్తకం నా దగ్గర ఉంచుకున్నాను. పిల్ల ఏడ్చింది. ఏడవనిచ్చాను.

నేను చదివింది మూడో తరగతి. అయినా ఆ దేశాలకు చదువుకు బయలుదేరే పిల్లలు నా దగ్గరికి వస్తే చెబుతాను. వీసా విడి కాగితం మీద ఇస్తారు, ఇక్కడివాళ్ళ కంట పడకుండా దాన్ని పాస్‌పోర్టుతో కలిపి పెట్టకండి. ఇక్కడి బజారులో దొరికే స్వెట్టర్లు ఆ చలికి ఆగవు, డబ్బు తగలేయకండి, అక్కడే కొనుక్కోండి. ఉత్తరంలో తిండి, చదువు, ఒంట్లో ఎలా ఉందీ రాయండి. ఏ ఊరేగింపు చూశారో రాయకండి. ఉత్తరాన్ని తిన్నగా ఇక్కడికి కాకుండా మన ఊరి చిరునామాకు వేయండి.

ఇన్ని చెప్పే నేను ఆ సాయంత్రం పెట్టెలోని ప్రతి బట్టా దులిపి చూశాను. ఆఖరున మామిడి తొక్కు సీసాకు నూనె పీల్చని నున్నటి కాగితం రెండు పొరలు చుట్టి, దారం కట్టి, చీర మడతల్లో పెట్టాను. దాని గురించి ఎవరూ గొడవ పడలేదు.

మరునాడు పొద్దున సీబ్ విమానాశ్రయంలో మమ్మల్ని తనిఖీ బల్ల దాకా రానిచ్చారు. బల్ల దగ్గరి అధికారి దిండును రెండుసార్లు నొక్కి పక్కన పెట్టాడు. ఉత్తరం అతని చేతికి తగల్లేదు. తర్వాత సీసా తీసి, దారం తెంపి, కాగితం బల్ల మీద పరిచాడు. గోధుమ చేను, ట్రాక్టరు, వెనక గోపురం మీద ఎర్ర నక్షత్రం. కింద తెలుగు అక్షరాలు.

అది రష్యా వాళ్ళు తెలుగులో అచ్చువేసి చౌకగా పంపే పత్రిక. ఊళ్ళో పిల్లల పుస్తకాలకు అట్టలు వేయడానికే చందా కట్టేవాళ్ళం. పాతవి పారేయబుద్ధి కాక ట్రంకు పెట్టె అడుగున పరిచి ఒమాన్‌కు తెచ్చింది నేనే.

“యే క్యా హై?” అన్నాడతను.

“అచార్,” అంది పిల్ల. కొడుకు నా వైపు చూశాడు. అలా వాడు నన్ను ఎన్నడూ చూడలేదు.

అతను మరొకతన్ని పిలిచాడు. వచ్చినతను సీసా మూత తీసి వాసన చూసి, తుమ్మి, నవ్వాడు. మొదటతను నవ్వలేదు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సొరుగులో వేసుకున్నాడు. పెట్టె మీద సుద్దతో గీత గీసి, పొమ్మన్నాడు.

“నా పుస్తకం తీయిస్తివి, నీ తొక్కు సీసనే పట్టిస్తుండె గదా బాపమ్మా,” అంది పిల్ల నా చెవిలో.

“పో, పో. నవ్వకు, చూస్తున్నరు.”

పిల్ల విమానం ఎక్కింది. కొడుకు నన్ను ఇంటి దగ్గర దించి డ్యూటీకి వెళ్ళాడు. నేను వంటింటి అరల్లో పరిచిన ఆ పత్రిక కాగితాలన్నీ తీసి, ఎర్రట్ట పుస్తకంతో కలిపి, పెరట్లో కాల్చేశాను.