గొర్రెల అప్పగింతలు

మాది కన్నడ రాష్ట్రంలో వల్లూరు పక్క ఊరు, ఇంట్లో మాత్రం తెలుగే. వేరుశనగ వేసుకునే మా చేను లీజుకు పోయి, దాంట్లో సోలార్ పలకలు లేచిన ఏడాదే మా నాయనకు అక్కడ గేటు దగ్గర సెక్యూరిటీ పని దొరికింది. అంతవరకు గొర్రెలు మేపింది ఆయనే. పలకలు కాయడానికి మనిషి దొరికాడు గానీ గొర్రెలు కాయడానికి దొరకలేదు. ఎండాకాలం సెలవులు కాబట్టి కట్టె నా చేతికి వచ్చింది. అప్పుడే ఏడో తరగతి పాసయ్యాను. మా ఊరి బడి అంతటితో సరి. హైస్కూల్లో ఎనిమిదిలో చేరాలి.

గొర్రెల్ని వెనకనుంచి తోలే అలవాటు మా ఇంట్లో లేదు. మేము ముందు నడుస్తాం, అవి వెనక వస్తాయి. ఎవరి వెనక నడవాలో ఒకసారి వాటికి కుదిరిందంటే ఇంకొకరి మాట వినవు. ఆ రెండు నెలల్లో వాటికి నేను కుదిరాను. తప్పు నాదే. మే నెలలో కొత్త యూనిఫారం కుట్టించారు. ఎనిమిది నుంచి చుడీదార్ మీద నీలం చున్నీ వేసుకోవాలి. నా జన్మకు అదే మొదటి చున్నీ. బడి తెరిచేదాకా పెట్టెలో పెట్టడానికి మనసు రాక, రోజూ ఎండకు తలమీద కప్పుకుని మంద ముందు నడిచాను.

బడి తెరవడానికి పది రోజులుందనగా నాయన డ్యూటీ దిగి వచ్చి, బూట్లు విప్పుతూ చెప్పాడు.

“మంద అవ్వ ఎనక పోయిన పొద్దు నువ్వు ఇస్కూలుకు పో. లేకుంటే ఈ ఏడు ఇంట్లోనే ఉండుమ్మా.”

కోపంగా చెప్పలేదు. అందుకే భయం వేసింది. మా వీధిలో నా జతగత్తె ఒకతి అట్లాగే ఒక ఏడు ఆగి, మళ్లీ బడి ముఖం చూడలేదు.

అవ్వ అంటే మా నాయన తల్లి. ఊళ్లో పిల్లలు పుస్తకాలకు అట్టలు వేసుకుంటుంటే, మా ఇంట్లో గొర్రెలకు అవ్వను అలవాటు చేసే పని మొదలైంది. మొదటి రోజు అవ్వ ముందు నడిచి పిలిచింది. అవి తలలెత్తి చూసి, మళ్లీ దించుకున్నాయి. అవ్వకు అవమానమైంది.

“నేను పిలిస్తే మీ తాత బతికినన్నాళ్లు పరిగెత్తుకోని వచ్చినాడు. ఈటికేం రోగం?”

మరుసటి రోజు వాటికి కనబడకుండా నేను చున్నీతోనే సోలార్ కంచె పక్క మోరీ తూములో దాక్కున్నాను. మంద మొత్తం వచ్చి నన్ను కనిపెట్టింది. అవ్వ కట్టె పట్టుకుని దూరంగా ఒక్కతే నిలబడి ఉంది.

కిటుకు అమ్మ పట్టింది. “అవి నిన్ను కాదు, ఆ చున్నీని చూస్తాండాయి” అంది. అవ్వ చున్నీ కప్పుకుని కదిలింది. నలభై గొర్రెలూ ఆమె వెనక పోయాయి. నేను గడపలో నిలబడి చూస్తున్నాను. రెండు నెలలు నీళ్లు చూపించినదాన్ని, ఒక్కటి కూడా తిరిగి చూడలేదు. బడికి పోవచ్చన్న సంతోషం ఆ తర్వాత కలిగింది. చున్నీకి బదులు అమ్మ నీలం చీర ముక్క, నాయన తువ్వాలు కూడా అవ్వకు కప్పి చూశాం. సగం దూరం వచ్చి ఆగిపోయాయి. చున్నీ అవ్వకే ఉండిపోయింది.

బడి తెరిచిన రోజు షేర్ ఆటోలో చున్నీ లేకుండా పోయాను. గేటు దగ్గర టీచరమ్మ ఏదని అడిగితే, గొర్రెల కాడ ఉండాదని చెప్పాను. ఆమె చాలా అబద్ధాలు విన్న మనిషి. చున్నీ అయినా తెచ్చుకో, పెద్దవాళ్లనైనా తెచ్చుకో అని వెనక్కి పంపింది. నాయనకు డ్యూటీ, అమ్మకు కూలి పని. మరుసటి రోజు అవ్వ చున్నీ కప్పుకుని వచ్చింది. మందను ఎక్కడో వదిలి రావడం కుదరదు కదా, దాన్నీ తెచ్చింది.

టీచరమ్మ కన్నడంలో అడిగింది, అవ్వ తెలుగులో చెప్పింది. ఇద్దరికీ రెండూ వస్తాయి. ఎవరూ తగ్గలేదు.

“తీసిచ్చేదానికి నాకేం బాధ లేదు తల్లీ. తీస్తే ఇవి ఈ పాప ఎనకాలే నీ క్లాసులోకి వస్తాయి. చూస్తావా?”

టీచరమ్మ గొర్రెల్ని ఒకసారి చూసింది. అవ్వ చున్నీ కొంగు పట్టుకుని సిద్ధంగా ఉంది. ముందున్న రెండు గొర్రెలు అప్పటికే గేటులో తల పెట్టాయి.

“లోపలికి పో” అంది టీచరమ్మ.

ఎవరినో చెప్పలేదు. నన్నే అనుకుని, అవి అనుకోకముందే పోయి మూడో బెంచీలో కూర్చున్నాను.