ఎర్రపెన్ను టీచరు

టీచరు కాకముందు ఆమె దాదాపు ఇరవయ్యేళ్ళు ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దింది. పాఠ్యపుస్తకాలు, ఆహ్వానపత్రాలు, మందుసీసాలకు అంటించే కాగితాలు, ఏవైనా సరే ఆమె కళ్ళు దాటి బయటికి పోవాల్సిందే. ఎగిరిపోయిన ఒత్తు, మింగేసిన దీర్ఘం, రెండుసార్లు పడిన మాట ఆమెకు పంటికింద రాయిలా తగిలేవి. బజారులో నడుస్తున్నా కళ్ళు ఊరుకునేవి కావు. ఏ దుకాణం బోర్డు మీదో తప్పు కనబడితే అక్కడే ఆగి నిట్టూర్చేది.

"నీతో బయటికొస్తే బోర్డులు కూడా బిక్కచచ్చిపోతాయే" అనేవాడు ఆమె భర్త. ఆయన సిటీ బస్సు డ్రైవరు. ఆమెకు 'ఎర్రపెన్ను' అని పేరు పెట్టింది కూడా ఆయనే.

ప్రెస్సు యజమాని పోయాక కొడుకు యంత్రాలు అమ్మేసి తలుపులకు తాళం వేశాడు. నలభై దాటిన వయసులో ఆమె ఇంట్లో కూర్చుంది. పాత పత్రికలు ముందేసుకుని వాటిలో తప్పులు దిద్దుతూ కూర్చునేది. ఎవరికోసమంటే ఎవరికోసమూ కాదు. అది చూసి డ్రైవరు మనసు చివుక్కుమంది. చదవడం, రాయడం దగ్గరే ఆగిపోయిన పిల్లలకు బడి వదిలాక విడిగా చెప్పడానికి ప్రభుత్వం కొత్తగా టీచర్లను తీసుకుంటోందని, తన బస్సెక్కే ఒక పంతులుగారు చెప్పగా విని, ఆ కబురు ఇంటికి మోసుకొచ్చాడు.

"భాష బాగా వచ్చినవాళ్ళు కావాలంట. నీకంటే బాగా ఎవరికొచ్చు?"

"నాకు అక్షరాలతో పని తెలుసు గానీ, పిల్లలతో తెలియదండీ."

"పిల్లలు కూడా అక్షరాల్లాంటోళ్ళేనే. ఒక్కచోట నిలబడరు, అంతే తేడా."

ఉద్యోగమైతే వచ్చింది. బడిలో మెట్ల కింద ఉన్న గది ఖాళీ చేసి ఇచ్చారు. అంతకుముందు అందులో విరిగిన బెంచీలు, గాలిపోయిన బంతులు పడేసేవారు. ఒకటే కిటికీ. చినుకు పడితే గోడ చెమర్చేది. కాగితాల మీద ఆ తరగతికి ప్రభుత్వం వారు పెట్టిన పేరు నోరు తిరగనంత పొడుగ్గా ఉండేది. పిల్లలు మాత్రం 'మొద్దుల క్లాసు' అని రెండు ముక్కల్లో తేల్చేశారు. ఆరు, ఏడు తరగతులకు వచ్చి కూడా వాక్యం కూడబలుక్కోలేని పిల్లలు, తోటివాళ్ళ కంటబడకుండా, గోడవారగా ఒక్కొక్కరే జారుకుంటూ వచ్చి కూర్చునేవారు.

వాళ్ళలో ఒక్క పిల్ల మాత్రం దర్జాగా గుమ్మం మధ్యలోంచి వచ్చేది. ఏడో తరగతి. నోరు తెరిస్తే మూయదు. బడి మొత్తానికి ఆ పిల్ల 'వాగుడుకాయ'. తరగతిలో చదివే వంతు తన దాకా వస్తోందంటే ఏదో ఒక హాస్యం ఆడి, అందర్నీ నవ్వించి, ఆ తరగతి పంతులు చేత బయటికి గెంటించుకునేది. అలా ఏళ్ళ తరబడి చదవకుండానే గట్టెక్కింది. వెనకాలే తోకలా చెల్లెలు వచ్చేది. పొట్టిగా ఉంటుందని అందరూ 'పొట్టి' అనేవారు. పొట్టి ఐదో తరగతి, చక్కగా చదువుతుంది. ఇద్దరూ కలిసే ఇంటికెళ్ళాలి కాబట్టి అక్క క్లాసు అయ్యేదాకా గుమ్మం దగ్గర కూర్చునేది. తల్లి ఆసుపత్రి దుప్పట్లు ఉతికే చోట పనిచేస్తుంది, చీకటి పడితే గానీ రాదు.

మొదటి వారం టీచరు తనకు తెలిసిన పనే చేసింది. పిల్లలు నోరు తెరిచి ఒక మాట అంటే అందులో తప్పు పట్టుకుంది, రెండో మాట పలకబోయేలోపే సరిచేసింది. రాసిన ప్రతి కాగితం మీదా ఎర్రగీతలు పడ్డాయి. అందులో కోపం లేదు, వెటకారం లేదు. తప్పును తప్పుగా వదిలేయడం ఆమెకు చేతకాదు, అంతే. రెండో వారానికి గదిలో చీమ చిటుక్కుమన్నా వినబడేంత నిశ్శబ్దం. కొందరు రావడం మానేశారు.

ఒక సాయంత్రం వాగుడుకాయ పుస్తకం పట్టుకుని గడగడా చదివేసింది. టీచరుకు అనుమానం వచ్చి వెనక నిలబడి చూసింది. పిల్ల నోరు ఒక పేజీలో ఉంది, వేలు ఇంకో పేజీలో ఉంది. పాఠమంతా చెల్లెలి చేత చదివించుకుని కంఠతా పట్టేసిందన్నమాట.

"నువ్వన్న మాట ఈ లైన్లో లేదమ్మా. ఇది చదువు" అని టీచరు ఒక మాట మీద వేలు పెట్టింది.

పిల్ల దాన్ని చూసింది. చెవులు ఎర్రబడ్డాయి. గుమ్మం దగ్గర పొట్టి అక్క ముఖంలోకి చూస్తూ పెదవులు మాత్రం కదిపి ఆ మాట అందించబోయింది. అక్క చూసి కూడా అందుకోలేదు.

మర్నాడు పొట్టి ఒక్కతే వచ్చి, "అక్కకి కడుపునొప్పి టీచర్" అని గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పి పారిపోయింది. ఆ మర్నాడూ కడుపునొప్పే.

బడి ఇంటికి దూరం. రెండు బస్సులు మారాలి. అందుకని డ్రైవరు ఒక పాత స్కూటీ తెచ్చి, ఆదివారం పొద్దున్నే ఆమెకు నేర్పడానికి ఖాళీ మైదానానికి తీసుకెళ్ళాడు. ఆమె ఎక్కింది మొదలు ఆయన పక్కనే పరిగెత్తుతూ ఒకటే కేకలు. "బ్రేకు! బ్రేకు! అది కాదు, ఎడమది! చూపు కిందికి ఎందుకే, ముందుకు చూడు! భుజాలు అలా బిగబట్టకు!" ఆమె ఎడమ, కుడి కలిపేసి, గోడ పక్కన ఇసుకలో కూలబడింది. మోచెయ్యి గీరుకుపోయింది.

"చెబుతూనే ఉన్నానుగా" అన్నాడు లేవదీస్తూ.

"అదేనండీ బాధ! మీ గొంతు వినబడుతుంటే నాకు రోడ్డు కనబడట్లేదు!"

"తప్పు చేస్తుంటే చెప్పొద్దంటావా?"

ఆమె కళ్ళముందు వాగుడుకాయ ఎర్రబడ్డ చెవులు కనబడ్డాయి. లేవబోయినదల్లా మళ్ళీ ఇసుకలో కూర్చుంది. డ్రైవరు హడలిపోయి, "ఎక్కడైనా విరిగిందా ఏంటే?" అని మోకాళ్ళు తడిమాడు.

"ఏం విరగలేదు. మీరెళ్ళి ఆ గోడ మీద కూర్చోండి. నేను పడినా సరే, అరవకూడదు."

ఆయన వెళ్ళి కూర్చున్నాడు. అరవకుండా ఉండటానికి రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. ఆమె వంకరటింకరగా ఒక చుట్టు తిరిగింది. ఒకచోట తూలింది, తనే కాలు ఆనించి నిలదొక్కుకుంది. మరో చుట్టు తిరిగింది. ఎదురుగా వచ్చేసరికి ఆయన కళ్ళు మెరుస్తున్నాయి, చేతులు మాత్రం నోటి మీదే ఉన్నాయి.

సోమవారం ఆమె బడి గేటు దగ్గర కాపు కాసి, అక్కాచెల్లెళ్ళను దొరకపుచ్చుకుంది.

"చదవమని అడగను. నీ కడుపునొప్పి సంగతి చెప్పు, చాలు. వినాలని ఉంది."

వాగుడుకాయ అనుమానంగా చూసింది. అయినా వినేవాళ్ళు దొరికితే ఆ నోరు ఊరుకుంటుందా? గదిలోకి వచ్చి మొదలుపెట్టింది. కడుపులో ఎవరో బట్టలు పిండుతున్నట్టుందంట, డాక్టరు చెవి ఆనించి వింటే లోపల బట్టలుతికే మిషను చప్పుడు వినబడిందంట. మిగతా పిల్లలు పడిపడి నవ్వారు. టీచరు ఆ కబుర్లను ఆ పిల్ల ఎలా అంటే అలాగే బోర్డు మీద రాసుకుంటూ పోయింది. వాక్యం మధ్యలో తెగినా అతకలేదు, అన్నమాటే మళ్ళీ అన్నా కొట్టేయలేదు. జీవితంలో మొదటిసారి దిద్దకుండా రాస్తున్నందుకు ఆమె వేళ్ళు గిలగిల్లాడాయి.

"ఇవన్నీ నీ మాటలే. ఏ మాట ఎక్కడుందో నీకే తెలియాలి."

పిల్ల బోర్డు దగ్గరికి వెళ్ళింది. "నా... కడుపులో..." తన మాట కాబట్టి ఏం రాబోతోందో తెలుసు. తెలిసినదాన్ని అక్షరాల్లో వెతుక్కుంటూ నడిచింది. 'పిండుతున్నట్టు' దగ్గర 'పండుతున్నట్టు' అంది. టీచరు చేతులు వెనక్కి కట్టుకుని, నాలుక కొరుక్కుని నిలబడింది. పిల్ల రెండు మాటలు ముందుకెళ్ళి ఆగింది.

"పండటమేంటి? కడుపులో బట్టలు పండుతాయా?" అని తనమీద తనే విసుక్కుని, వెనక్కి వచ్చి, "పిం... పిండుతున్నట్టు!" అంది.

అప్పుడు ఆ పిల్ల ముఖం చూడాలి. టీచరు కిటికీ తలుపు సరిగ్గానే ఉన్నా వెళ్ళి దాన్ని సర్దింది.

ఆ తర్వాత గదిలో పిల్లలంతా తమ తమ కబుర్లే చదువుకున్నారు. పారిపోయిన కోడి, తాగి పడుకున్న మామయ్య, పంపు దగ్గర కొట్లాట. మానేసినవాళ్ళు కూడా ఒక్కొక్కరే తిరిగొచ్చారు. ఎర్రపెన్ను సంచీలోంచి బయటికి రాలేదని కాదు. వచ్చేది, కానీ పిల్లలు తామే దిద్దుకున్న చోట పక్కన చిన్న గీత పెట్టడానికి వచ్చేది. ఆ గీతల కోసం పోటీలు పడేవారు.

ఇలా నెలలు గడిచాక ఒక సాయంత్రం గుమ్మం దగ్గర పొట్టి కనబడలేదు. వెతికితే కుళాయి పక్కన మోకాళ్ళలో తలపెట్టుకుని ఏడుస్తోంది. టీచరు పక్కనే కూర్చుంది.

"ఎవరైనా ఏమైనా అన్నారా తల్లీ?"

వెక్కిళ్ళ మధ్య జవాబొచ్చింది. "ఇదివరకు బస్సు బోర్డు చూసి నేనే చెప్పేదాన్ని. పాఠం కూడా నేనే చదివిపెట్టేదాన్ని. ఇప్పుడు అక్క నన్నేమీ అడగట్లేదు."

అక్కకు చదువు నేర్పుతూ, చెల్లెలి చేతిలోంచి ఏదో లాగేసుకున్నానని టీచరుకు అంతదాకా తట్టనేలేదు. పొట్టిని దగ్గరకు తీసుకుని, జడ విడిపోతే అల్లుతూ కూర్చుంది. పొట్టి కొన్నాళ్ళు మూతి ముడుచుకునే తిరిగింది. చివరికి ఆ అలక ఎప్పుడు పోయిందో ఎవరికీ తెలియదు. ఒకరోజు గదిలో ఉన్న ఒకే ఒక కొత్త బొమ్మల పుస్తకం కోసం ఇద్దరూ జుట్టూ జుట్టూ పట్టుకున్నారు. "నేను ముందు!" "ఇన్నాళ్ళూ నువ్వేగా ముందు!" టీచరు వెంటనే విడదీయలేదు. కాస్త ఆగి, తనివితీరా చూసి, అప్పుడు విడదీసింది.

ఏడాది చివర పరీక్ష పెట్టడానికి పై ఆఫీసు నుంచి ఒకావిడ వచ్చింది. వాగుడుకాయ మెల్లగా, తడబడుతూ, అయినా మొదటినుంచి చివరిదాకా తనే చదివింది. ఇక ఆ పిల్లకు ఈ తరగతి అక్కర్లేదని తేలింది. టీచరుకు మరో ఏడాది ఉద్యోగం పొడిగించారు. ఆ కబురు విని డ్రైవరు ఆ రోజు బస్సులో ఎక్కినవాళ్ళందరికీ చెప్పాడంట, వద్దన్నా వినకుండా.

సెలవులు అయిపోయి బడి తెరిచారు. మెట్ల కింద గదిలో కొత్త పిల్లలు గోడవారగా వచ్చి కూర్చున్నారు. టీచరు లోపల ఎంత సంతోషంగా ఉన్నా, ఒక గొంతు లేని లోటు తెలుస్తూనే ఉంది. ఇంతలో గుమ్మం మధ్యలోంచి దర్జాగా వాగుడుకాయ వచ్చింది, వెనకాల పొట్టి.

"నీకిక్కడేం పని? నీది అయిపోయిందిగా."

"చదవడం అయిపోయింది టీచర్." పిల్ల అటూ ఇటూ చూసి, దగ్గరికొచ్చి, గొంతు తగ్గించింది. "నాకు లెక్కలు కూడా రావు."

"ఓసి నీ... ఆ ముక్క పోయినేడు చెప్పొచ్చుగా?"

"అన్నీ ఒకేసారి చెబితే మీరు బెదిరిపోతారని."

టీచరు పకపకా నవ్వింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, ఆ పిల్ల చెవి దగ్గరకు వంగింది.

"ఎవరికీ చెప్పనంటే ఒక మాట చెబుతాను. నాకూ లెక్కలు అంతంతమాత్రమే."

"మరెలా?"

"పొట్టికి వచ్చుగా. పిలువు దాన్ని, ముగ్గురం కూర్చుందాం."

పొట్టి అప్పటికే సంచీ కిందపడేసి, బోర్డు దగ్గర సుద్దముక్క అందుకోవడానికి మునివేళ్ళ మీద లేచి నిలబడింది.