కంప్యూటర్ గది గడప

నేను చాలా మంచిదాన్నని మా వీధిలో అందరూ అనుకుంటారు. అనుకోనీ. పదో తరగతిలో నేను చేసిన పని తెలిస్తే నా ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టరు.

రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. పర్ణశాల వెళ్ళే రోడ్డు మీద ఉన్న మా హైస్కూలుకు సర్కారువాళ్ళు ఐదు కంప్యూటర్లు ఇచ్చారు. పెద్దసారు కొబ్బరికాయ కొట్టి, వాటికి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టించాడు. ఆ రోజు నుంచి అది అమ్మవారి గది అయి కూర్చుంది. చెప్పులు బయట విప్పాలి, కాళ్ళు కడుక్కోవాలి, ముట్టయిన ఆడపిల్ల గడప తొక్కకూడదు. కంప్యూటర్ నేర్పడానికి కాంట్రాక్టు మీద వచ్చిన కుర్రసారు "మిషన్లకు అవన్నీ ఎందుకు సార్" అని ఒక్కసారి నసిగాడు. పెద్దసారు చూసిన చూపుకు మళ్ళీ నోరెత్తలేదు.

వారానికి ఒక్క పీరియడ్. ఒక్కో కంప్యూటర్ ముందు ఎనిమిది మందిమి. ఆ కాసేపట్లోనూ సగం సేపు కరెంటు ఉండేది కాదు. ఇంక నేర్చుకునేది నా బొంద!

నా బెంచీ మీదే కూర్చునే కోయపిల్ల మాత్రం నేర్చుకుంది. వాళ్ళ ఊరు అడవి లోపల. సర్కారు హాస్టల్లో ఉండి చదువుకునేది. హాస్టల్ అరుగు మీద సుద్దముక్కతో కీబోర్డు మీటలన్నీ వరసగా గీసుకుని, పొద్దున్నే లేచి ఆ గచ్చు మీద వేళ్ళు ఆడించేది. "పిచ్చి పట్టిందా ఏంటే?" అని నేను నవ్వితే, "దీనికి కరెంటు పోదు గద" అనేది. కొన్నాళ్ళకు మీటల వంక చూడకుండా టైపు కొట్టేసింది. దాని తర్వాత నేనే. ఆ 'తర్వాత' అన్న మాటే నాకు గిట్టలేదు. మా నాన్న గుంటూరు వైపు నుంచి వచ్చి గోదావరి ఒడ్డున మిర్చి పండించే పెద్ద రైతు. ఆయన కూతుర్ని, మా చేలో కూలికి వచ్చేవాళ్ళ పిల్ల దాటిపోతుంటే ఒళ్ళు మండదూ?

అప్పుడే ఆ పరీక్ష వచ్చింది. ఖమ్మంలో ఇంటర్‌తో పాటు కంప్యూటర్ కోర్సు, హాస్టలు, తిండి అన్నీ ఉచితం. స్కూలుకు ఒక్కటే సీటు. టైపింగులో ఎవరు ముందుంటే వాళ్ళకి. దాని తండ్రి దాంతో ముందే చెప్పేశాడు, "సీటొస్తె సదువుకో. రాకుంటె కూలికి రా" అని. నన్నయితే మా నాన్న ఎక్కడైనా చేర్పించగలడు. అయినా ఆ సీటు నాకే కావాలి. దానికి మాత్రం రాకూడదు.

పరీక్ష రోజు బడికి రాగానే నాకు ముట్టు మొదలైంది. స్కూలు వెనక గోడ పక్కన ఏడుస్తూ నిలబడితే అదే వచ్చి చూసింది. ఏంది, ఎట్లా అని అడగలేదు. తన ఓణీ చివర పర్రున చింపి గుడ్డ చేతిలో పెట్టింది. "ఎవ్వరికీ చెప్పను తియ్. ఏడ్వకు, పరీక్ష ఉంది గద" అంటూ నా కళ్ళు తుడిచింది.

కాళ్ళు కడుక్కుని వరసలో నిలబడ్డాం. పెద్దసారు గడప దగ్గర అడ్డంగా నిలబడి, "ముట్టయినోళ్ళు ఎవరన్న ఉంటె ఇప్పుడే చెప్పున్రి" అన్నాడు. ఆడపిల్లలందరూ తలలు దించుకున్నారు. అది చెప్పనని మాటిచ్చింది కదా, నమ్మి ఊరుకోవచ్చు. ఊరుకోలేదు.

"సార్, దీనికి అయింది సార్. చూడండి, అందుకే ఓణీ చింపుకుంది" అన్నాను.

ముందే లోపలికి వెళ్ళిన మగపిల్లలు కిసుక్కున నవ్వారు. "అవునా?" అని పెద్దసారు దాన్ని గద్దించాడు. అది నా వంకే చూసింది. "అడిగితె చెప్పాలని తెల్వదా? సిగ్గుండాలె!" అని దాన్ని వరండా చివరికి తరిమాడు. కుర్రసారు లిస్టులో దాని పేరు కొట్టేశాడు.

నేను దాని ఓణీ గుడ్డ పెట్టుకునే లోపలికి వెళ్ళాను. బొట్టు పెట్టిన కంప్యూటర్ ముందు కూర్చుని టైపు కొట్టాను. కంప్యూటర్‌కు ఏమీ కాలేదు. అమ్మవారు కూడా కిక్కురుమనలేదు. సీటు నాకు వచ్చింది.

మరుసటి ఏడాది సంక్రాంతి సెలవులకు ఇంటికొచ్చి చేనుకు వెళ్తే, అది మా మిరపసాలులో కాయలు ఏరుతూ కనిపించింది. ఘాటుకు దాని వేళ్ళు ఎర్రగా వాచిపోయి ఉన్నాయి.

"మీరెప్పుడొచ్చిన్రు?" అంది.

మీరట! ఐదేళ్ళు ఒకే బెంచీ మీద కూర్చున్నాం. నాకు ఏడుపొచ్చింది. "ఆ రోజు సార్‌కి నిజం ఎందుకు చెప్పలేదే?" అని అడిగాను.

"నేను చెప్తె ఎవరు నమ్ముతరు? మీరు చెప్పంగనే నమ్మిన్రు" అంది, ఏరడం ఆపకుండానే. మళ్ళీ తనే, "ఖమ్మంల కంప్యూటర్లకు గూడ బొట్లు పెడ్తరా?" అని అడిగింది.

"లేదు. అక్కడెవరూ ఏమీ అడగరు."

"అట్లనా" అని ఇంకో చెట్టు మీదికి వంగింది.

గట్టు మీంచి మా అమ్మ కేకేసింది. "ఏయ్ పిల్లా! కబుర్లు చెప్పడానికా నీకు కూలి? ఇంకోసారి చూశానంటే రేపట్నుంచి రానక్కర్లేదు!"

అది గబగబా సాలు దాటి అవతలికి వెళ్ళిపోయింది. మాట కలిపింది నేనేనని అమ్మకు చెప్పొచ్చు. చెప్పలేదు.