గద్వాల స్టూడియోలోని జూమ్ లెన్సు

పిట్టల ఫొటోలకు చవకలో లెన్సు కావాలని వెళ్తే, గద్వాల స్టూడియో ఆయన మాట్లాడినంతసేపూ ఒక పాత జూమ్ లెన్సు రింగును బొటనవేలితో నిమురుతూనే ఉన్నాడు.

"ఇది తీస్కో అక్కా, సగం ధరకే ఇస్త. దగ్గరికి పోయే పనే లేదు."

లెన్సును ఒకసారి నా చేతికిచ్చి తీసుకున్నాడు. నమూనాకని దానితో తను తీసిన ఫొటోలు చూపించాడు. కృష్ణలో మునిగి లేచిన ఆడవాళ్లు, తడి చీరలతో, కళ్లు మూసుకుని దండం పెట్టుకుంటున్నారు.

"వీళ్లకు తెల్సా అన్నా?"

"తెలిస్తే గిట్ల నిలబడ్తరా?"

ఆ ఫొటోలన్నీ చెరిపెయ్యమన్నాను.

"నువ్వైతే లేవు గదా ఈ ఫొటోలల్ల," అని నవ్వాడు.

లెన్సు ముట్టుకున్న చేతిని కొంగుకు తుడుచుకుని వచ్చేశాను. తరువాత వనపర్తిలో జూమ్ లేని చిన్న లెన్సు దొరికింది, దేవుని దయ. దానికి పిట్టలు అందవు, మనుషులనైతే దగ్గరికి వెళ్లి, అడిగి తీస్తాను. కానీ కృష్ణలో మునిగి లేచినప్పుడు, కళ్లు మూసుకునే ముందు ఒడ్డంతా ఒకసారి పరికించి చూస్తున్నాను.