పెద్దల మూలలోంచి వైరు

నాన్న తాటిచెట్టు మీద నుంచి పడి నడుము విరగ్గొట్టుకున్న ఏడాది మా ఇంటికి టీవీ గొడుగు, అదే డిష్, పెట్టించాను. మాది జూలూరుపాడు దాటి లోపలికి పోతే వచ్చే కోయగూడెం. కేబుల్ అక్కడిదాకా రాదు. అడవంతా తిరిగిన మనిషి మంచం మీద పడి పెంకుల కప్పు చూస్తూ ఉండటం నేను చూడలేకపోయాను. ఖమ్మంలో ఉద్యోగం చేసుకుంటున్న నాకు తోచిన సాయం అదొక్కటే. ఆస్పత్రిలో ఉన్నప్పుడు టీవీలో కుస్తీలు చూసి, చెట్టు మీద నుంచి పడ్డాక మొదటిసారి నాన్న నవ్వాడు.

ఆదివారం పొద్దున మండలంలోని దుకాణం నుంచి మెకానిక్ బండి మీద వచ్చాడు. వాకిట్లో ఇనుప స్తంభం పాతి గొడుగు బిగించాడు. సిమెంటు కలపడానికి నీళ్లు కావాలంటే నేను బిందె తీసుకుని బోరింగు దగ్గరికి వెళ్లాను. బిందె నిండకముందే అమ్మ అరుపు వినిపించింది. పరుగెత్తాను.

మా ఇంట్లో ఒక మూల పెద్దలది. చనిపోయిన మా తాతముత్తాతలు ఉండే చోటు. అక్కడ ఒక కుండ ఉంటుంది. బయటివాళ్లు దాన్ని ముట్టుకోరు. పెళ్లయి వెళ్లిన ఆడపిల్లలం, మేము కూడా ముట్టుకోం. మెకానిక్ ఆ కుండను తీసి నేల మీద పెట్టాడు. మూలలో తడికకు మట్టి మెత్తిన గోడను ఇనుప చువ్వతో పొడిచి బొక్క చేశాడు. అందులోంచి నల్ల వైరు లోపలికి లాగుతున్నాడు. అమ్మ అతని చెయ్యి పట్టుకుని కోయలో అరుస్తోంది. కంగారు పడితే ఆమెకు తెలుగు నోటికి రాదు.

"ఎవరు తియ్యమన్నరు కుండని?" అన్నాను.

"దగ్గరి దారి మేడమ్. ఇటుకెళ్లి అయితే వైరు సక్కగ వస్తది."

"మా అమ్మ వద్దంటుంటే ఇనపడలేదా?"

"ఆమె ఏందో అంటుంది, నాకు సమజ్ కాలే."

"చెయ్యి పట్టుకొని ఆపితే గూడ సమజ్ కాలేదా?"

అతను నవ్వాడు. "గీ రోజుల్ల గూడ గివన్ని పట్టుకుంటరా మేడమ్? మీరు సదువుకున్నోళ్లు."

నా ఒళ్లు మండిపోయింది. నా చదువును అమ్మ మీదికి కర్రలా ఎత్తమంటున్నాడు.

"మీ ఇంట్ల దేవుడి అర్రలకు నేను చెప్పులతోని వచ్చి, పటాలు తీసి కింద పెడితే ఊకుంటవా?"

"గది వేరే, మేడమ్."

"ఏం వేరే? చెప్పు."

 అతను వైరును మళ్లీ లోపలికి లాగబోయాడు. అప్పుడు మంచం మీది నుంచి నాన్న గొంతు వినిపించింది. టీవీ ఎప్పుడు వస్తుందని వారం నుంచి అడుగుతున్న మనిషి, "వైరు బయటికి గుంజు," అన్నాడు. "టీవీ లేకున్నా మంచిదే."

మెకానిక్ విసుక్కుంటూ సామాను సర్దుకోబోయాడు. నేను బయటికి వెళ్లి అతని బండి తాళం తీసి కొంగున కట్టుకున్నాను.

"వైరు చూరు కిందికెళ్లి తిప్పి, దర్వాజ మీద నుంచి తియ్యి. గది అయినంకనే తాళం."

"జబర్దస్తీనా?"

"అవ్. నువ్వు చేసింది ఏంది మరి?"

మధ్యాహ్నందాకా చూరు కింద వైరు తిప్పుతూ పని చేశాడు. బొక్క పూడ్చడానికి మట్టి తీసుకుంటే అమ్మ అతని చేతిలోంచి లాక్కుంది. తనే తడిపి, తనే మెత్తింది. వెళ్లేటప్పుడు తాళం కోసం చెయ్యి చాపి, "సారీ మేడమ్," అన్నాడు.

"నాకెందుకు? అమ్మకు చెప్పు."

అమ్మ అక్కడే, మట్టి చేతులతో నిలబడి ఉంది. ఆమె వైపు ఒకసారి చూశాడు. నోరు తెరవలేదు. నేను తాళం అతని ముందు నేల మీద పడేశాను. వంగి తీసుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు నేను దుకాణానికి వెళ్లి జరిగింది చెబితే యజమాని, "మీవోళ్లకు పట్టింపులెక్కువ," అని ఇంకో గిరాకీతో మాటల్లో పడ్డాడు. ఆ తర్వాత మా ఇంటివాళ్లు గూడెం పెద్దను పిలిచి, మా పెద్దలకు చెప్పుకోవలసింది చెప్పుకుని, కుండను మళ్లీ దాని చోట పెట్టారు. అప్పటిదాకా అమ్మ టీవీ పెట్టనివ్వలేదు. పెట్టిన రోజు నాన్న కుస్తీలు చూసి పిల్లాడిలా నవ్వాడు. అమ్మ మాత్రం వాకిట్లోనే కూర్చుంది. నాన్న నవ్వు చూస్తే నాకు సంతోషమైంది గానీ, అమ్మకు చెప్పాల్సిన ఆ ఒక్క మాట చెప్పకుండా అతను బండెక్కి వెళ్లిన తీరు తలచుకుంటే ఇప్పటికీ నా పళ్లు బిగుసుకుంటాయి.