‘మనదే’ అని నొక్కిన వేలు

ఆఫీసులో ఆమెను అందరూ అతుకులమ్మ అనేవారు. ఎదురుగానే అనేవారు, ఆమె కూడా పలికేది. చేసే పని అదే మరి.

ఆస్పత్రిలో మంచం పక్కన ఒక మీట ఉంటుంది. రోగి నొక్కితే నర్సుల గదిలో గంట మోగుతుంది. ఆ గంటను నడిపే ప్రోగ్రాం రాసేది వాళ్ళ కంపెనీయే. రాసేవాళ్ళు రెండు ఊళ్ళలో, రెండు ఆఫీసుల్లో ఉండేవారు. ప్రతి ఒక్కరి దగ్గరా మొత్తం ప్రోగ్రాం నకలు, మొదటినుంచీ జరిగిన మార్పుల చరిత్రతో సహా ఉండేది. ఎవరి నకలులో వాళ్ళు మార్చుకుంటూ పోయేవారు. వారానికోసారి అన్నిటినీ కలపాలి. వేర్వేరు చోట్ల మార్చి ఉంటే మిషనే కలిపేస్తుంది. ఇద్దరూ ఒకే లైనుమీద చెయ్యి వేస్తే మాత్రం ఆగిపోయి, "మీదా, వాళ్ళదా?" అని అడుగుతుంది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది అతుకులమ్మ.

ఆమె వెంటనే చెప్పేది కాదు. ఫోన్ తీసేది.

"అన్నయ్యా, ఈ లైను ఎందుకు మార్చారు?"

అవతలి ఆఫీసు పెద్దాయనను ఆమె ఎన్నడూ చూడలేదు, గొంతే తెలుసు. రాయడం ఎంత శుభ్రమో, మాట్లాడటం అంత నాన్చుడు. "అదేమ్మా... మరీ... అంటే..." అని మొదలుపెడితే, అసలు సంగతి వచ్చేసరికి ఈమె టీ చల్లారిపోయేది. అయినా వినేది. అది చిన్ననాటి అలవాటు. ఉమ్మడి కాపురంలో అమ్మా పెద్దమ్మా ఒకే పొయ్యిమీద వండేవారు. ఒకరు వేసిన కూరలో రెండోవారు మళ్ళీ ఉప్పు వేసేవారు. పెదనాన్న ముద్ద నోట్లో పెట్టుకుని మొహం చిట్లిస్తే, "నన్నంటారేం, మీ మరదల్ని అడగండి" అనేది పెద్దమ్మ. చివరికి వంటింటికీ పెరటికీ మధ్య పరిగెత్తి, "పెద్దమ్మా, ఉప్పేశావా?" అని అడిగొచ్చే ఉద్యోగం ఈమె నెత్తిన పడింది.

మేనేజరుకు ఈ ఫోన్లు గిట్టేవి కావు.

"రెండు లైన్లు కలపమంటే రెండు దేశాలకు సంధి చేస్తున్నట్టు కూర్చుంటావేంటమ్మా!"

చెల్లెలి కాన్పుకని ఆమె సెలవు పెట్టినప్పుడు ఆయనే కలిపాడు. మిషన్ ఆగి అడిగిన ప్రతిచోటా "మనదే" అని నొక్కుకుంటూ పోయాడు. కప్పు కాఫీ తాగినంతసేపట్లో ముగించి, "ఇంతోటి దానికి ఆవిడకు అన్ని రోజులా!" అని పదిమందికీ వినిపించాడు.

ఆమె తిరిగొచ్చేసరికి ఆఫీసంతా గుసగుసలు. ఏదో ఆస్పత్రిలో ఒక ముసలాయన ఆయాసం వచ్చి, భయపడి, గంట వెంటవెంటనే రెండుసార్లు నొక్కాడట. మొదటి నొక్కుకు మోగిన గంట రెండోదానికి ఆగిపోయింది. ఎవరూ రాలేదు. తానే మంచం దిగబోయి పడితే తుంటి విరిగింది.

ఆమెకు వెంటనే గుర్తొచ్చింది. ఆ రెండో నొక్కు సంగతి అన్నయ్య ముందే సరిచేశాడు. "భయపడ్డవాళ్ళు ఒక్కసారి నొక్కి ఊరుకోరమ్మా" అని సెలవుకు ముందు తనతోనే అన్నాడు. ఇటువైపువాళ్ళేమో, గదిలోకి వచ్చిన నర్సు మళ్ళీ నొక్కి గంట ఆపుకోవాలని అదే లైను ఇంకోలా మార్చారు. ఇద్దరికీ కారణముంది. ఒక కారణం చెత్తబుట్టలో పడింది.

మళ్ళీ కలిపి చూసింది. కలపడానికేమీ లేదు, అంతా కలిసే ఉందంది మిషన్. కలపడం జరిగిందా లేదా అన్నదే దానికి కావాలి. ఏది ఉంచారో ఏది పారేశారో దానికి పట్టదు.

మేనేజరుకు కావాల్సిందీ అదే.

"చూశావుగా! కలిసిందని మిషనే చెప్తోంది. కలిశాక కూడా గంట ఆగిందంటే, దాన్ని సరిచేశానన్న అవతలి పెద్దాయనదే తప్పు. ఆయన్ని ఇంటికి పంపేద్దామంటున్నారు పైవాళ్ళు. రిపోర్టులో నువ్వో సంతకం పెట్టు."

"కలిపింది నేను కాదుగా సార్."

"ఎవరు కలిపితే ఏంటమ్మా?"

"ఏంటా? వచ్చిన పార్సిల్ అందిందని సంతకం పెట్టి, విప్పకుండా కాలవలో పారేసి, పంపినవాడు ఖాళీ డబ్బా పంపాడంటున్నారు మీరు!"

"గొంతు తగ్గించు."

"తగ్గించను సార్. అక్కడ ఒకాయన తుంటి విరిగింది. ఇక్కడ కూర్చుని ఇంకొకాయన నడుం విరగ్గొడుతున్నారు. దానికి నా సంతకమా?"

సీటు దగ్గరికొచ్చింది. ఫోన్ తీసింది.

"అన్నయ్యా, మిమ్మల్ని తీసేస్తారట. తెలుసా?"

"తెలుసమ్మా... పోనీలే... ఈ వయసులో ఎందుకు గొడవని..."

"పోనీలేనా! వాళ్ళమీద కంటే మీమీద మండుతోంది నాకు. ప్రోగ్రాం తెరవండి. మొదట్నించీ కలుపుదాం."

మేనేజరు కలపకముందు ఉన్న చోటికి వెనక్కి వెళ్ళి, మిషన్ అడిగిన ప్రతిచోటా ఆగి, ఇద్దరూ మాట్లాడుకుంటూ వచ్చారు. గంట లైను దగ్గర ఆమె అడిగింది:

"మరి నర్సు ఎలా ఆపాలి?"

"తలుపు పక్కన గోడకి ఇంకో మీట ఉంటుంది కదా, దాంతోనే ఆగాలి. మంచం మీట ఎన్నిసార్లు నొక్కినా మోగుతూనే ఉండాలి." ఈసారి ఆయన నాన్చలేదు.

రెండువైపులా పరీక్షించారు. కలిపినప్పుడల్లా ఏం చేశామో రెండు ముక్కలు రాయాలి. ఆమె దాచకుండా రాసింది: "కిందటిసారి కలిపినప్పుడు అవతలి ఆఫీసు మార్పులను చదవకుండా పారేశారు. రెండో నొక్కుకు గంట ఆగకుండా వాళ్ళు ముందే సరిచేశారు. దాన్ని మళ్ళీ పెట్టాం." రెండు ఆఫీసులకూ పంపింది. అందరూ తమ తమ మిషన్లలోకి దించుకున్నారు.

మేనేజరు రొప్పుతూ వచ్చాడు. "ఆ రాత తీసెయ్!"

"మీ మిషన్లో తీసేసుకోండి సార్. సర్వర్లోనూ తుడిచెయ్యండి. అందరి దగ్గరా నకళ్ళున్నాయి. ఎంతమంది మిషన్లు పట్టుకుని తుడుస్తారు?"

పైవాళ్ళు కూడా ఆ రాత చదివారు. అన్నయ్య ఉద్యోగం నిలిచింది. మేనేజరు కుర్చీ కూడా కదల్లేదు. ఆస్పత్రికి పంపిన క్షమాపణలో మాత్రం "సాంకేతిక లోపం" అని రాశారు.

"ఇంకా దిగలేదా కోపం, అతుకులమ్మా?" అంటారు పక్కసీటువాళ్ళు.

"లోపమట! లోపానికి వేళ్ళుంటాయా? నొక్కింది వేలు. ఆ మనిషి కర్ర పట్టుకుని నడుస్తున్నాడట ఇప్పుడు. దిగమంటే ఎలా దిగుతుంది?"

ఇంతలో మిషన్ ఆగి, మీదా వాళ్ళదా అని అడుగుతుంది. ఆమె టీ కప్పు పక్కకు జరిపి ఫోన్ తీస్తుంది.

"చెప్పండన్నయ్యా. మెల్లగానే చెప్పండి."